ఇన్‌స్పెక్టరు అనని మాట

"కొత్తది పాతదాని స్థాయిని అందుకుందంటారా మేడమ్?"

వెబ్‌సైట్లకి టీవీ సమీక్షలు రాసే ఒక అమ్మాయి ఫోన్ చేసి నన్నడిగిన ప్రశ్న ఇది. పాతదంటే హిందీలో ఏళ్ళ తరబడి నడిచిన ఒక నేర పరిశోధన సీరియల్. కొత్తది దాని కడుపున పుట్టింది. పాతదాంట్లో ఇన్‌స్పెక్టరు పక్కన లాఠీ పట్టుకుని నిలబడే కానిస్టేబుల్ అమ్మాయి, ఇందులో తానే ఇన్‌స్పెక్టరై కేసులు పడుతుంది. ఆ కొత్తదానికి తెలుగు డబ్బింగ్ మాటలు రాసింది నేను. ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది. కానీ చెప్పకూడదని ఒకరికి మాటిచ్చి ఉన్నాను. "ఆలోచించి చెప్తానమ్మా" అని పెట్టేశాను.

ఇంకో అరగంటకి బరంపురం నుంచి మా అమ్మ ఫోను. "మావ ఎల్లిపోయాడే" అంది.

ఏ మావ అని అడగనక్కర్లేదు. మా వీధికి ఒక్కడే మావ. తెలుగువాళ్ళకి మావ, ఒడియా ఇళ్ళవాళ్ళకి మామూ. మా అమ్మకి వరసకు అన్నయ్య కూడా కాడు. పాత్రపూర్ దగ్గర పల్లెలో పుట్టి, కుర్రతనంలో సూరత్ వెళ్ళి మరమగ్గాల మీద పనిచేసి, తిరిగొచ్చి మా వీధిలో కాపురం పెట్టిన మనిషి. ఆయనకి వీధి పిల్లలందరూ మేనల్లుళ్ళూ మేనకోడళ్ళే. నన్ను మాత్రం పేరుతో గానీ వరసతో గానీ పిలిచిన పాపాన పోలేదు. "ఓసి గుంటా!" అంటే ఓ పిల్లా అని, అంతే. నాకు ముప్పయి దాటి, కళ్ళజోడొచ్చి, హైదరాబాదులో నలుగురు "మేడమ్" అంటుంటే కూడా అదే పిలుపు.

ఆయన పట్టుచీరల కొట్లో గుమాస్తా. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుంటే ఎడంపక్క యజమాని, కుడిపక్క నేతగాడు, ఎదురుగా కొనేవాళ్ళు. ఒకరిది తెలుగు, ఒకరిది ఒడియా, పైనుంచొచ్చిన వ్యాపారిదైతే హిందీ. మధ్యలో మాటలు మోసేది మావే. అయితే ఒకరన్న మాటని ఉన్నదున్నట్టు ఇంకొకరికి అందించిన రోజు నాకు తెలిసి ఒక్కటి లేదు. ఒకసారి దిగపహండి నుంచి పెళ్ళివారొచ్చారు. పెళ్ళికూతురి నాయనమ్మ చీర పట్టుకుని చూసి, "ఛి! ఎ కి రంగొ!" అని ఒడియాలో చీదరించుకుంది. మావ యజమాని వైపు తిరిగి ఎంతో శాంతంగా, "అంచు బాగున్నాదంటన్నారండి. రంగే కాసింత ముదురుది కావాలంట" అన్నాడు. యజమాని ముదురు రంగు తీశాడు. ముసలమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మరి ఒగ్గలేదు. ఆవిడ ఆ మాట అనలేదు, నిజమే. కానీ ఆవిడకి కావలసింది అదే. అమ్మతో చీర కొనడానికెళ్ళి పక్కనే కూర్చున్న నాకు రెండు భాషలూ వచ్చు కనక నోరెళ్ళబెట్టుకుని చూశాను.

ఆయనకింకో అలవాటుండేది. బేరం కుదిరాక చీరని మూడు మడతలు పెట్టి, మీద అరచేత్తో ఒక్క దెబ్బ వేసి ఇచ్చేవాడు. ఆ దెబ్బ అందరికీ పడేది కాదు. కొన్నవాళ్ళకి ఆ చీర నిజంగా నప్పిందని ఆయనకి తోస్తేనే. నప్పకపోయినా మొహమాటానికో తొందరకో కొనుక్కుపోయేవాళ్ళకి మడతలు పడేవి, దెబ్బ పడేది కాదు. మా వీధి ఆడవాళ్ళకి ఈ సంగతి తెలుసు. కొత్త చీర కట్టుకుని ఎవరైనా బయటికొస్తే ముందు అడిగేది, "మావ దెబ్బేసినాడా?" అని. వెయ్యకపోతే ఆ చీర ఎంత మంచిదైనా కట్టుకున్న మనిషికి మనసు కుదిరేది కాదు.

టెక్కు కూడా ఎక్కువే. అలా అనుకునేవాళ్ళం మేము. వెనకనుంచి పిలిస్తే చచ్చినా పలికేవాడు కాదు. "మావా! మావా!" అని గొంతు చించుకున్నా నడిచి పోతూనే ఉండేవాడు. పరుగెత్తి ముందుకెళ్ళి నిలబడితే మాత్రం పదిమంది చుట్టాలొచ్చినంత సంబరం. కొట్లోనూ అంతే, "ముందుకొచ్చి కూకోండమ్మా, పక్కన కూకుంటే సీరకి అందం తెల్దు" అనేవాడు. గొప్పవాళ్ళకి కొన్ని పద్ధతులుంటాయి కాబోలనుకుని సరిపెట్టుకున్నాం.

ఇంక ఆదివారం మధ్యాహ్నాలు. మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదాని గోడ ఒకటి పట్టుకుని వరసగా ఉంటాయి. ముందు ఎత్తైన అరుగు, దాన్నే అక్కడ అందరూ పిండా అంటాం. అన్నాలు తిని రెండయ్యేసరికి మావ తన టీవీని లోపలి గదిలోంచి తెచ్చి కిటికీలో వీధి వైపుకి పెట్టేవాడు. ఇరవై ముప్పైమందిమి పిండా మీదా కింద చాపల మీదా. ముఢీలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపిన పళ్ళెం చేతులు మారుతుండేది. సీరియల్ హిందీ. మా వీధిలో సగంమందికి తెలుగు తప్ప, మిగతా సగానికి ఒడియా తప్ప రాదు. హిందీ వచ్చిన మొనగాడు మావే, సూరత్ చదువు. ముందు తెలుగులో, సందు దొరికితే ఒడియాలో తనే చెప్పేవాడు. టీవీకి ఎడమ పక్కన ముక్కాలిపీట మీద, సగం బొమ్మ వైపూ సగం మా వైపూ తిరిగి కూర్చునేవాడు. ఆయన పక్కన గడపలో అత్త, అంటే ఆయన భార్య. మాటిమాటికీ ఆయన మోకాలు మీద తట్టడం ఆవిడకలవాటు. మొదలవగానే మావ చేసే మొదటి పని టీవీ గొంతు పూర్తిగా తగ్గించెయ్యడం.

"కొంచెం పెంచు మావా" అని ఎవరైనా అంటే, "రెండు గొంతులెందుకురా? నాను సాల్నా?" అనేవాడు.

చాలేవాడు. చాలడమేమిటి, మిగిలిపోయేవాడు! ఇన్‌స్పెక్టరు దొంగని నిలదీస్తే మావ గొంతులో పిండా అదిరేది. "ఓరి సన్నాసి! మీయమ్మ నీకు అన్నం పెట్టి పెంచిందా, అబద్దాలు పెట్టి పెంచిందా?" దొంగ నీళ్ళు నమిలితే ఆ నమలడం కూడా మావ చేసి చూపించేవాడు. ఇన్‌స్పెక్టరు నోరు మూసేసరికి మావ మాట సరిగ్గా అక్కడికి అయిపోయేది. సగం సమయం మేం టీవీ కేసి కాదు, ఆయన ముఖం కేసి చూసేవాళ్ళం. నాకైతే ఆ ఇన్‌స్పెక్టరు బరంపురంలోనే పుట్టాడని గట్టి నమ్మకం.

తప్పులూ చేసేవాడు, దాచడమెందుకు. "ఈడే కూనీకోరు, రాసుకోండి" అని మొదటి పదినిమిషాల్లో ఒకణ్ణి పట్టించేవాడు. చివర్లో సంకెళ్ళు ఇంకొకడికి పడేవి. మావ రెప్ప కొట్టకుండా, "సూసేరా ఇనస్పెక్టరు తెలివి! ఈడి మీద అనుమానమున్నట్టు నటించి ఆడిని పట్టీసినాడు" అనేవాడు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ కానిస్టేబుల్ పిల్ల సంగతి. పెళ్ళికాని ఆడపిల్ల పరాయి మగవాడి జీపెక్కి ఊళ్ళమ్మట తిరగడం మా వీధికి మింగుడు పడదని మావకి తెలుసు. మొదటి వారమే తేల్చేశాడు, "ఆ గుంట ఇనస్పెక్టరికి సొంత మేనకోడలు. అక్క సచ్చిపోతే ఈడే పెంచినాడు." అంతే, అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఆ పిల్లకి జ్వరమొచ్చినట్టు చూపిస్తే ఆడవాళ్ళు "తల్లిలేని పిల్ల" అని కళ్ళొత్తుకున్నారు. ఒక్క ఎదురింటి ఒడియా మౌసీకే దిగులు. తెలుగువాళ్ళు మేనమామకి పిల్లనిస్తారని ఆవిడ విని ఉంది. ఒక వారం ఇన్‌స్పెక్టరు ఆ పిల్లకి పుట్టినరోజు చీర తెచ్చేసరికి ఆవిడ ముఢీ పళ్ళెం కింద పెట్టేసి తన ఒడియాలో అడిగింది.

"హే మామూ! వాడు దాన్ని పెళ్ళి సేసుకుంటాడా ఏటి? ఛి ఛి, పాపొ!"

మావ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అదేటి మౌసీ! ఇనస్పెక్టరు మీ ఒడియావోళ్ళ అబ్బాయి గదా. కూతురిలాగ సూసుకుంటాడు."

మౌసీ మళ్ళీ పళ్ళెం అందుకుంది. ఆ పూటనుంచి ఇన్‌స్పెక్టరు ఒడియావాడు, మేనకోడలు తెలుగు పిల్ల. ఇదెలా కుదురుతుందని ఏ ఒక్కరూ అడగలేదు. మా వీధిలో అలాంటివి కుదురుతాయి.

ఆ సీరియల్ నుంచి మా వీధికి దక్కిన ఆస్తి ఒక మాట. ఒక కేసులో దొంగ దేవుడి మీద ఒట్టేసి ఏడుస్తుంటాడు. ఇన్‌స్పెక్టరు ఆ కానిస్టేబుల్ పిల్ల వైపు తిరిగి నెమ్మదిగా అంటాడు, "నోటిని నమ్మకు. సెయ్యి సూడు." దొంగ చేతులు చొక్కా అంచుని నలుపుతుంటాయి. అంతే, దొరికిపోయాడు. మర్నాటినుంచి ఆ మాట మా నాలుకల మీదే. చేపలమ్మే ఆవిడ తాజావంటే "నోటిని నమ్మకు", పరీక్ష బాగా రాశానంటే మా నాన్న "ఏదీ, సెయ్యి సూడనీ". పెళ్ళిచూపుల్లో కూడా వాడారు. మౌసీకి వచ్చిన తెలుగులో తప్పు లేకుండా పలికే వాక్యం అదొక్కటే.

నాకు మాటల మీద మోజు పుట్టింది ఆ పిండా మీద. చదువయ్యాక హైదరాబాదు వెళ్ళి డబ్బింగులకి మాటలు రాసే పనిలో కుదిరాను. ఇతర భాషల బొమ్మలకి మన మాటలు, వాళ్ళ పెదాల కదలికకి సరిపోయేటట్టు రాయాలి. పొట్టిదైతే నోరు ఊరికే ఆడుతుంది, పొడుగుదైతే మూసిన నోట్లోంచి మాట వస్తుంది. బయల్దేరే ముందు మావకి చెప్తే, "దానికొక ఉద్యోగమేటే!" అని పకపకా నవ్వాడు. నాకు కోపమొచ్చింది కూడా.

కొన్నేళ్ళకి ఆ పాత సీరియల్ పిల్లకథ తెలుగులోకి తెస్తున్నారని తెలిసి, వెంటపడి మరీ ఆ పని సంపాదించాను. పాతది తెలుగులో ఎప్పుడూ రాలేదు. మా మేనకోడలికి మాటలు నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు? మొదటి ఎపిసోడులో ఆమె కొత్త కుర్చీలో కూర్చుని పాత గురువుని తలుచుకుంటుంది. పాత సీరియల్ ముక్క ఒకటి వస్తుంది. చూస్తూనే ఒళ్ళు జల్లుమంది. అదే దొంగ, అదే ఏడుపు! హిందీ స్క్రిప్టులో మాత్రం ఇన్‌స్పెక్టరు మాట వేరేగా ఉంది. టైపు చేసినవాడెవడో నిద్రపోయాడనుకుని, అసలు మాట నేనే రాసేశాను. "నోటిని నమ్మకు. చెయ్యి చూడు."

మూడో రోజు డబ్బింగ్ సూపర్వైజరు పిలిచాడు. చండశాసనుడు, ఒరిజినల్‌కి వెంట్రుకవాసి తప్పినా ఊరుకోడు.

"ఈ డైలాగు ఎక్కడిదమ్మా?"

"ఎక్కడిదేమిటి సార్! ఆ సీరియల్‌లో అందరికీ తెలిసిన డైలాగు."

ఆయన హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టి ముక్క వేశాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎరిగిన ఆ ముఖం, ఆ కళ్ళు, ఆ పెదాలు. ఆ ఇన్‌స్పెక్టరు హిందీలో శుభ్రంగా అంటున్నాడు: వీణ్ణి తీసుకెళ్ళండి, నాకో టీ పంపండి.

టీ! అయిదుసార్లు వేయించుకుని విన్నాను. అయిదుసార్లూ టీయే.

"ఒరిజినల్‌లో ఇంకెక్కడైనా ఉంటే సోమవారంలోగా చూపించండి. లేకపోతే తీసేస్తాను" అన్నాడాయన.

ఆ పాత సీరియల్‌ని గొంతుతో వినడం నా జన్మలో అదే మొదలు. రెండు రోజులు కూర్చుని విన్నాను. అన్నం పెట్టి పెంచిందా అన్న మాట లేదు. అక్క లేదు, చచ్చిపోలేదు. ఆ పిల్ల మేనకోడలు కానే కాదు, వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి. ఇన్‌స్పెక్టరు అన్నీ ముక్తసరిగా మాట్లాడే మామూలు మనిషి. నాకు మంటెత్తిపోయింది. నా చిన్నతనపు ఆదివారాలన్నీ ఎవరో ఎత్తుకుపోయినట్టనిపించింది. నన్ను ఈ పనిలోకి దింపిన మనిషే నాకు హిందీ అని చెప్పి కట్టుకథలు అంటగట్టాడన్నమాట. శనివారం పొద్దున్నకి బరంపురంలో దిగాను.

మావ పిండా మీద వీధికి వీపు పెట్టి, కిటికీ ఊచలు తుడుస్తున్నాడు. కొట్టు మానేసి అప్పటికి చాలా కాలమైంది, వంగిపోయాడు. నేను మెట్టు కింద నిలబడి గట్టిగా, "మావా!" అన్నాను. పలకలేదు. "మావా!" ఊచ తుడుస్తూనే ఉన్నాడు. ఈసారి ముందుకెళ్ళి నిలబడే ఉద్దేశం నాకు లేదు. ఇరవయ్యేళ్ళ టెక్కు ఇవాళ వదిలిస్తానని అక్కడే నించుని వీధంతా వినపడేటట్టు అరిచాను.

లోపలినుంచి అత్త వచ్చింది. నా ముఖం చూసింది. ఏదో తెలిసిపోయినట్టుంది, గొంతు తగ్గించి అంది, "ముందుకెల్లి నిలబడే అమ్మా. ఎనకనుంచి ఎంత అరిసినా ఏటి లాభం? సూరత్‌లోనే పోయాయి ఆయన సెవులు. ఆ మగ్గాల మోతకి."

పిలిస్తే పలకకపోవడం, ముందుకొచ్చి కూకోండమ్మా, టీవీ గొంతు తగ్గించడం, గడపలో కూర్చున్న అత్త అస్తమానూ ఆయన మోకాలు మీద తట్టడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. కళ్ళముందు ఇన్నేళ్ళున్నా చూడలేదు నేను. మాటల మనిషినట!

మావ తిరిగాడు. నన్ను చూసి ముఖం చాటంత చేసుకుని, వెంటనే నా వాలకం చూసి తగ్గించేసుకున్నాడు.

"ఇనపడితే గదే గుంటా సెప్పడానికి" అన్నాడు, నేనేమీ అడక్కముందే. ఆ సీరియల్ పని నాకొచ్చిందని అమ్మ చెప్పే ఉంటుంది. "ముకాలు సూసేవోణ్ణి. ఆడు కోపంగుంటే కోపం మాట, ఏడిస్తే ఏడుపు మాట. మూతి ఎంతసేపు ఆడితే అంత మాట."

"మరి ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశావా?"

"మోసమేటి? నవ్వినారా నేదా? ఏడిసినారా నేదా? మౌసీ ముఢీ తిన్నాదా నేదా?"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. అత్త చెంగు అందించింది. అసలు సంగతి చెప్పాను. సోమవారం లోపల ఆ మాట ఇన్‌స్పెక్టరన్నదని చూపించకపోతే తీసేస్తారనీ, అన్నది నువ్వే అని చెప్పడం తప్ప దారి లేదనీ.

మావ మెడలో తువ్వాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నానుండగా ఈదిలో సెప్పీకు" అన్నాడు. "నన్ను సెవిటోడంటే పడతాను. ఇనస్పెక్టరు ఆ మాటనలేదంటే ఈళ్ళు పడలేరు. ఆడు మంచోడే. ఆణ్ణి ఆగే ఉండనీ."

వాడు అలాగే ఉండనీ అట! ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పనని చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

సోమవారం పొద్దున్నే సూపర్వైజరు ముందు నిలబడి, "ఒరిజినల్‌లో లేదు సార్" అన్నాను. ఆయన పెన్ను తీశాడు. "కొట్టేసే ముందు ఒక్కసారి ఆ ముఖం మీద వేసి చూడండి. ఒక్కసారి" అన్నాను. విసుక్కుంటూ ఆర్టిస్టు చేత చెప్పించి, బొమ్మ మీద వేశాడు.

నోటిని నమ్మకు. ఇన్‌స్పెక్టరు పెదాలు కలిసి, విడివడి, మళ్ళీ కలిశాయి. చిన్న ఆగు. చెయ్యి చూడు. పెదాలు మూతపడ్డాయి. అక్షరం అటూ ఇటూ లేదు. టీ అడుగుతున్న ఆ మనిషి నిజంగా ఆ మాటే అంటున్నట్టుంది. ఆ చండశాసనుడు మూడుసార్లు వేసుకుని చూశాడు.

"ఇది పెదాలు చూస్తూ రాసింది. ఎవరు రాశారు?"

"మా మావ" అన్నాను. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం, నా పేరు తెర మీద చూసుకున్నప్పుడు కూడా కలగలేదు.

"ఏ స్టూడియో?"

"బరంపురం సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశాడు. మాట మిగిలింది.

కొత్తది మొదలైంది ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను ముందురోజే బరంపురం చేరుకున్నాను. ఇప్పుడు ఇంటింటికీ టీవీ ఉంది, అయినా మావ తన టీవీని కిటికీలో పెట్టించాడని తెలిసి అందరూ వచ్చేశారు. మౌసీ మనవలతో వచ్చింది. ముఢీ పళ్ళెం బయల్దేరింది. ఈసారి గొంతు తగ్గించేవాళ్ళు లేరు, తెలుగే కదా. మావ ముక్కాలిపీట తెచ్చుకుని పాత చోట వెయ్యలేదు. సరిగ్గా కిటికీ కింద, టీవీకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"అదేటి మావా! టీవీ అటున్నాది!" అన్నారు.

"మీరు సూడండి" అన్నాడు మావ.

నాకొక్కదానికే అర్థమైంది. ఆయన నా మాటలు వినలేడు. వాటిని విన్నవాళ్ళ ముఖాల్లో చదువుతాడు. ముప్పై ఏళ్ళు చీర కాదు, చీర పట్టుకున్న మనిషిని చూసిన కళ్ళవి, వాటిని మొహమాటంతో మాయ చెయ్యలేం. సమీక్షలు ఎవరేం రాసుకుంటే నాకేం? ఈయన ముఖం ముడిస్తే నేను రాసిందంతా దండగ.

పేర్లు పడ్డాయి. మేనకోడలు జీపు దిగింది. నేను స్తంభానికి ఆనుకుని ఒక్కొక్కరి ముఖం మీదా మావ చూపు జరగడం చూస్తున్నాను. ఎవరో నవ్వారు, మావ కళ్ళు అటెళ్ళాయి. మౌసీ ముఢీ నోటిదాకా తెచ్చి ఆపేసింది, మావ కళ్ళు అక్కడ ఆగాయి. అప్పుడు పాత ముక్క వచ్చింది. పాత ఇన్‌స్పెక్టరు ముఖం కనపడగానే చాపల మీద కలకలం, "అడుగో! అడుగో!" అని. దొంగ ఏడుపందుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మేనకోడలి వైపు తిరిగాడు.

టీవీ "నోటిని నమ్మకు" అనేసరికి వీధి వీధంతా దానితో కలిసి అంది. పెద్దవాళ్ళు, నాతో చదువుకున్నవాళ్ళు, పళ్ళూడిన నోటితో మౌసీ, అందరూ ఒక్క గొంతుతో, "సెయ్యి సూడు!"

ముప్పై నోళ్ళ మీద తన మాటని మావ చదువుకున్నాడు. చెవులతో ఒక్కనాడూ వినని మాట.

అయిపోయాక అందరూ ఆయన మీద పడ్డారు. "సెప్పు మావా! పాత పెద్దది బాగున్నాదా, ఈ సిన్నదా?"

మావ నాకేసి చూశాడు. "పెద్దది ఆడినన్నాళ్ళూ మీరు సగంసేపు నా ముకమే సూసీవోరు" అన్నాడు. "ఈ రోజు నాను మీకెదురుగా కూకున్నాను. ఒక్కడంటే ఒక్కడు నాకేసి సూడ్లేదు. సిన్నదే నెగ్గింది."

అందరూ గోల చేశారు. నా గుండె మాత్రం కుదుటపడలేదు. మావ జీవితమంతా ఎదుటివాళ్ళకి కావలసిన మాటే చెప్పిన మనిషి. పెళ్ళివారికి చెప్పాడు, మౌసీకి చెప్పాడు, నాకు చెప్పకుండా ఉంటాడా? అందుకని ఆయన నేర్పిన పనే చేశాను. నోరు వదిలేసి చేతులకేసి చూశాను.

మెడలోని తువ్వాలు అప్పటికే మోకాళ్ళ మీద ఉంది. ఆ చేతులు దాన్ని అంచులు కలిపి ఒక మడత పెట్టాయి. రెండో మడత. మూడో మడత. అక్కడ ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత అరచేత్తో దాని మీద ఒక్క దెబ్బ వేసి, మావ దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మావ లేడు కనక ఆ సమీక్షల అమ్మాయికి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. ఆ తువ్వాలు నా బీరువాలో ఉంది. మడత విప్పలేదు.